జంగారెడ్డిగూడెం న్యెంబ్వే

కూర్చోండి, మూత మాత్రం తియ్యకండి. శనివారం మన హాస్టల్లో దేశాల విందు కదా, దేశానికో బల్ల; గబాన్ బల్లకి కోడికూర ఎవరు వండాలో ఇవాళ రుచి చూసి తేలుస్తానంది ఒర్నెల్లా. తనది ఆఫ్రికాలోని ఆ గబానే, లీబ్రవిల్ ఊరు. తను నోట్లో పెట్టుకునే లోపల నేనెవరో మీకు తెలియాలి.

"నువ్వెవరో మాకు తెలుసక్కా," అన్నాడు పక్కగది ధీరజ్.

తెలీదురా! న్యెంబ్వే అంటే ఏంటి? ఆయిల్‌పామ్ పళ్లు ఉడకబెట్టి, దంచి, పిప్పి పిండేసి, ఆ ఎర్రటి గుజ్జులో పొగబెట్టిన కోడిని ఉడికించడం. మరి నేను పుట్టిందెక్కడ? జంగారెడ్డిగూడెంలో, ఆయిల్‌పామ్ తోటల మధ్యన! మావాళ్లు గెలలన్నీ లారీలకెత్తి ఫ్యాక్టరీకి తోలేస్తారు గానీ ఒక్కడూ పండు కొరికి చూడడు. నేను ఈ లైప్‌జిగ్ ఆఫ్రికా సరుకుల అఫ్రోషాప్‌లో ఆ గుజ్జు డబ్బా కొని వాసన చూశానంతే, వంట మొత్తం వచ్చేసింది. ఎవరూ నేర్పలా.

"యూట్యూబ్ కూడానా?" అంది కావ్యశ్రీ, నా మాటలు పక్కనున్న ఒర్నెల్లాకి జర్మన్‌లో చెబుతూనే.

మధ్యలో అడ్డురాకు. కోడికి పొగ పెట్టానా, పైన పొగ పసిగట్టే రౌఖ్‌మెల్డర్ కుయ్యోమని మోగింది. ఫైరింజన్ వాళ్లు పైపులు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పైపులు గుమ్మంలో పారేసి పళ్లేలు అడిగారు!

"అప్పుడు మేమూ ఇక్కడే ఉన్నాం కదక్కా?" అన్నాడు ధీరజ్.

నిద్రపోతున్నారు! సరే, వాసన వీధిలోకి దిగింది. ట్రామ్ ఆగిపోయింది. అరగంట ఆగినా ఒక్క జర్మన్ కూడా వాచీ చూసుకోలేదు, ఆలోచించండి! అక్కణ్ణించి గాలి దక్షిణానికి తిరిగి, ఆల్ప్స్ దాటి, సముద్రం దాటి, సహారా దాటి నేరుగా లీబ్రవిల్‌లో దిగింది. అక్కడి అమ్మమ్మలందరూ రోకళ్లు పక్కన పెట్టేసి, "జంగారెడ్డిగూడెం పిల్ల చెయ్యి పెట్టాక మనమింకా దంచడమెందుకే" అనుకున్నారట!

"నీకెవరు చెప్పారు?" అంది కావ్యశ్రీ.

గాలి మళ్లీ ఇటు తిరిగిందిగా!

ఒర్నెల్లా నవ్వి, లేచి గిన్నె మూత తీసింది. అక్కడితో నా నోరు ఆగింది. ఆ గబాన్ బల్ల మీద నా గిన్నె ఉండాలని ఎంతగా కోరుకున్నానో వీళ్లకి తెలీదు. ఇంకోటి కూడా తెలీదు. ఆఖర్న చెయ్యి ఊరుకోక కాస్త చింతపండు పిండి, ఆవాలూ కరివేపాకూ ఇంగువా తిరగమోత పెట్టాను. తిరగమోత లేకుండా కూర దించడం మా ఇంటావంటా లేదు మరి.

ఒక గరిటె తిన్నది. కళ్లు మూసుకుంది. ఇంకో గరిటె వేసుకుంది. నేను ధీరజ్ వంక గర్వంగా చూశాను.

"వైశాలీ," అంది ఒర్నెల్లా, జర్మన్‌లో, అందరికీ అర్థమయ్యేలా నిదానంగా, "ఇంత మంచి సాంబారు నువ్వెప్పుడూ చెయ్యలేదు. శనివారం మీ ఇండియా బల్ల మీద ఇదే పెట్టు. న్యెంబ్వే నేను వండుకుంటాలే."