ప్రేమానందం చెప్పిన ఎలుక

ఎవురు పాపా, ప్రేమానందమా? మీ తాత ఆయన్ని ఎలకల డాక్టరని చెప్పినాడా? సరిపోయింది. అట్ల కూర్చో, కొంచెం నీడకు జరుగు, ఎండ మొగాన కొడతాండాది. ఎలకల డాక్టరు కాదమ్మా ఆయన, మెకానిక్కు. తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద షెడ్డు ఉండేది. షెడ్డంటే ఏముంది, నాలుగు రేకులు, ఒక గుంత, గోడకు వేలాడే స్పానర్లు. అయినా ఆ రేకుల కింద ఆయన కూర్చుంటే సాక్షాత్తు ధన్వంతరి పీఠమెక్కినట్టు ఉండేది. నవ్వద్దు. ముప్పై నాలుగేండ్లు బడిలో పద్యాలు చెప్పినవాణ్ణి, ఉపమానం ఊరికే పారేసుకోను. సన్నటి మనిషి, ఎప్పుడూ తెల్లచొక్కా. "నల్ల నూనెలో పని చేసేవాడికి తెల్లచొక్కా ఏలప్పా?" అని ఒకసారి అడిగితే, "మరక పడితేనే కదా అయివోరూ, యాడ కారతాండాదో తెలిసేది" అన్నాడు. ఆదివారం మాత్రం స్పానరు ముట్టడు. చర్చికి పోతాడు, మధ్యాన్నం నిద్రపోతాడు, మంత్రి కారు వచ్చి నిలబడినా లేవడు.

ఆ ఎలుక సంగతి చెప్పాలంటే ముందు బండి సంగతి చెప్పాల. రెండువేల మూడు అది. వానదేవుడు మన సీమ పేరే మరిచిపోయిన ఏడు. మీ తాత పరంధామయ్య, అంటే మా బావ, పాకాల దారిలో గుట్ట మీద మూడువందల మామిడి అంట్లు నాటినాడు. బోరు కింద, అంట్లు పైన, నడుమ రాళ్ల దారి. ట్రాక్టరు ఎక్కదు, ఎద్దులు ఎక్కవు, మనుషులు ఒకసారి ఎక్కితే రెండోసారి కనపడరు. అట్లాంటప్పుడు మద్రాసులో ఎవురో ఆసామి "నాలుగు చక్రాల మోటారు సైకిలు ఒకటుండాదప్పా, గోడైనా ఎక్కుతాది" అంటే, మూడోనాటికి దాన్ని లారీలో తెచ్చి దించినాడు. ఏం రూపం పాపా అది! హ్యాండిలు మోటారు సైకిలుది, చక్రాలు ఏనుగు పాదాలు, ముందర రెండు మిడిగుడ్లు. నాకైతే భూమిని కోరల మీద ఎత్తుకోవడానికి బయలుదేరిన ఆదివరాహస్వామే గుర్తొచ్చినాడు. వెనక చిన్న ట్రాలీ, దాంట్లో నీళ్ల డ్రమ్ము. పొద్దున నాలుగు నడకలు, సాయంత్రం నాలుగు నడకలు. ఆ నీళ్ల మీదనే అంట్ల ప్రాణం. మీ అవ్వ యశోదమ్మ నా చెల్లెలు గదా, దానికి ఆ బండంటే కన్నబిడ్డ కంటే ఎక్కువ. శుక్రవారం వస్తే కడిగి, బొట్టు పెట్టి, తిరుచానూరు నుంచి తెప్పించిన కనకాంబరం, మరువం దండ హ్యాండిలుకు వేసేది. బావ నవ్వేవాడు. "దండ బాగుండాది, ఇంక పెండ్లికూతురిని చూడాల" అనేవాడు.

చిత్తిరి నెల ఎండలు ముదిరే వేళకు ఆ వరాహానికి జ్వరం మొదలైంది. హ్యాండిలు నడుమ ఎర్రదీపం వెలగడం, ముందర నుంచి ఆవిరి పొంగడం, బండి మొరాయించడం. ఇంజను చుట్టూ నీళ్లు తిరగతాయి గదా, ఆ నీళ్లు ముందరుండే రేడియేటరులోకి వచ్చి చల్లారాల. దాని వెనక చిన్న కరెంటు ఫ్యాను ఉంటాది. వేడి హద్దు దాటితే దానంతట అదే తిరగాల. అది తిరగలేదు. చిత్తూరు నుంచి మునిచంద్ర అని ఎలక్ట్రీషియను వచ్చినాడు. "ఫ్యూజు పోయినాది సార్, అంతే" అని కొత్తది వేసినాడు. అరగంటకు అదీ పోయింది. ఇంకోటి వేసినాడు, అదీ పాయె. మూడోసారికి రోషమొచ్చి, "ఇప్పుడెట్ల పోతాదో చూస్తా" అని ఫ్యూజు బదులు బొద్దు రాగితీగ చుట్టినాడు. ఫ్యూజు పోలేదు నిజమే, వైర్లలో నుంచి పొగ వచ్చింది. ధూపదీప నైవేద్యాల్లో ధూపమొక్కటే తక్కువైంది, అదీ తీరింది! మునిచంద్ర వచ్చిన దారినే బస్సెక్కి పాయె. మూడు దినాలు నీళ్లు పైకి పోలేదు. అంట్లు ఆకులు వేలాడేసినాయి. బావ గుట్ట ఎక్కుతాడు, చూస్తాడు, దిగుతాడు, అన్నం ముట్టడు. నాలుగోనాడు పనోళ్లందరి ముందర ఒట్టు పెట్టినాడు: "దీంట్లో ఎవురి చెయ్యి పడిందో తేలనీ. నా ఇంటి మనిషైనా సరే, మూడువందల అంట్లకూ బిందెతో వాళ్ల చేతనే మోయిస్తా!" ఆయన మాటంటే మాటే. తన సొంత తమ్ముడితో ఒక గొర్రె విషయంగా పదకొండేండ్లు మాట్లాడని మనిషి. ఆ గొర్రె కథ వేరేలే.

అప్పుడు నేను బస్సెక్కి తిరుపతికి పోయి ప్రేమానందాన్ని పిలుచుకొచ్చినా. వచ్చినోడు పెట్టె తెరవలేదు. అదీ ఆయన పద్ధతి. మొదటి అరగంట పనిముట్టు పట్టడు, కూర్చుని అడుగుతాడు. మోటరు రూము నీడన చాప మీద మఠం వేసి, "సార్, ఎర్రదీపం మొట్టమొదట ఏ వారం వచ్చింది?" అన్నాడు. బావకు ఒళ్లు మండింది. "వారమేందయ్యా! నువ్వు మెకానిక్కువా, పంచాంగం చెప్పేవాడివా?" "గుర్తు చేసుకోండి సార్, తొందరేం లేదు." నీళ్లు పోసే కుప్పయ్య తల గోక్కుంటా ముందుకొచ్చినాడు. "శనివారమే సామీ. నేను శనివారం ఒక్కపొద్దు ఉంటా. గుట్ట నడిమిన బండి నిలబడితే కడుపు మాడింది, అందుకే బాగా గుర్తు." "తర్వాత?" "సోమవారానికి సర్దుకున్యాది. మళ్లా వచ్చిందీ శనివారమే." "చూసినావా, శని పట్టుకున్యాడు!" అన్నాడు బావ. ప్రేమానందం నవ్వలేదు. "శుక్రవారం బండికి ఏం చేస్తారు?" అని మెల్లగా అడిగి, జవాబు రాకముందే లేచినాడు. చూడు పాపా, వ్యాధి ఏమిటని కాదు, ముందునాడు రోగి ఏం తిన్నాడని అడిగినాడు!

ఆ రాగితీగ పీకేసి బావ చేతిలో పెట్టినాడు. "ఫ్యూజు నేరం చెయ్యలేదు సార్. ఇల్లు కాలకుండా తాను కాలింది. దాన్ని మూడుసార్లు చంపినారు." తర్వాత ఫ్యాను వైర్లు విడదీసి, నేరుగా బ్యాటరీకి తగిలించినాడు. గుయ్యిమనింది గానీ కదల్లేదు. "అయితే తప్పు వైర్లదీ కాదు, స్విచ్చుదీ కాదు. మోటరుకు ప్రాణముండాది, ఎవురో కాళ్లు కట్టేసినారు" అని, వైర్లు తీసేసి, టార్చి పట్టుకొని, రేడియేటరు వెనక సందులో చెయ్యి పెట్టినాడు. ఏదో గిల్లి వాసన చూసినాడు. ఆ గాలికి నాకూ తగిలింది: మరువం. ఎండిన మరువం, కనకాంబరం. దండ కట్టిన అరటినార ఫ్యాను ఇరుసుకు తాడు మాదిరి పేనుకొని, కుంకుమా దుమ్మూ పట్టి కొయ్యలాగా గట్టిపడిపోయింది.

నాకు తెలిసిపాయె పాపా. అది మీ అవ్వ చెయ్యి. మీ అవ్వ చెయ్యి మాత్రమే అయితే సరే. రెండు నెలల ముందు నన్ను అడిగింది: "అన్నా, బండికి వేసిన పాత దండ యాడ వెయ్యాల? అమ్మవారి పూలు, తొక్కితే పాపం గదా" అని. నేను పెద్ద పండితుణ్ణి గదా, గొంతు సవరించుకొని, "నిర్మాల్యం పాదస్పర్శ తగలని తావున ఉంచవలెను" అని శాస్త్రం చెప్పి, బండి చుట్టూ ప్రదక్షిణం చేసి, ముందర ఆ సందు నేనే చూపించినా. "ఈడ ఎవురి కాలూ పడదు తల్లీ" అని! శుక్రవారం కొత్త దండ వేసేది, వాడిన దండ ఆ సందులో దోపేది. శనివారం ఫ్యాను దాన్ని నమిలేది.

మీ అవ్వ ముఖం సున్నం కొట్టినట్టయింది. కొంగు నోట్లో కుక్కుకొని నిలబడింది. నేనా? ఆకాశంలో మేఘమేదైనా ఉందా అని చూస్తాండా. "ఏముందయ్యా లోపల?" అని బావ గర్జించినాడు. ప్రేమానందం మీ అవ్వను చూసినాడు, నన్ను చూసినాడు. ఆ పోగునంతా పాతగుడ్డలో చుట్టేసి, జేబులో వేసుకొని, "ఎలుక సార్. గూడు కట్టుకోవాలని చూసింది, పాపం" అన్నాడు. కుప్పయ్య ఊరుకుంటాడా! "అయితే సామీ, ఇంక ఎలుక చేత బిందెలు మోయిస్తారా?" అన్నాడు. బావ కూడా నవ్వేసినాడమ్మా, మూడు దినాల తర్వాత మొదటిసారి.

బ్లేడుతో నార కోసి, కిరసనాయిలుతో కడిగి, చుక్క నూనె వేసి, కాలిన వైరు మార్చి, సరైన ఫ్యూజు పెట్టి ఇంజను స్టార్టు చేసినాడు. మేమంతా హారతికి నిలబడినట్టు నిలబడినాము. వేడెక్కింది, ఎక్కింది... ఉన్నట్టుండి గిర్రుమని తిరిగింది చూడు! మీ అవ్వ చెంపలేసుకున్యాది. చీకటి పడకముందే ఆరు నడకల నీళ్లు గుట్టెక్కినాయి. తొమ్మిది అంట్లు పోయినాయి, తక్కినవి బతికినాయి. నువ్వు తిన్న బంగినపల్లి వాటిదే. ఆ మరునాటి నుంచి బావ ఎలకల మీద దండయాత్ర. బోన్లు, మందులు, రెండు పిల్లులు. పిల్లులేమో బండి సీటు మెత్తగా ఉండాదని దాని మీదనే కాన్పులు చేసుకున్యాయి. మీ తాత ఎవురికి ఫ్యాను చెడినా, టేబుల్ ఫ్యాను చెడినా, "ముందు ఎలకను చూడండప్పా" అని సలహా ఇచ్చేవాడు.

ఏం, నవ్వినావా? నవ్వు. నేనూ నవ్వినా, ప్రేమానందం ఆసుపత్రిలో ఉండాడని తెలిసేదాకా. అయిదేండ్ల తర్వాత అది, ఊపిరితిత్తుల జబ్బు. చూడ్డానికి పోయినా. నన్ను చూసి దిండు మీద ఒరిగి, "అయివోరూ, నా జీవితంలో బండి గురించి అబద్ధం చెప్పింది ఒక్కసారే. ప్రతి ఆదివారం ప్రార్థనలో ఆ ఎలుక నా ముందరికి వస్తాది. ప్రభువు క్షమించినా, ఎలుక క్షమించేటట్టు లేదు. మీరు సార్‌కు నిజం చెప్పి దాన్ని నా నెత్తి మీద నుంచి దించేయండి" అన్నాడు. తప్పకుండా దించుతానని చేతిలో చెయ్యి వేసినా. నెల తిరక్కుండా పోయినాడు. చెప్పాలని మూడుసార్లు బావ ముందర కూర్చున్యా. నోటికి పద్యాలన్నీ వస్తాయి, ఆ ఒక్క మాట రాదు. మీ అవ్వ కూడా పోయినాక, ఇంక బిందె మోయవలసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిల్నా గదా.

ఈ పొద్దు చెప్పేస్తా పాపా. నువ్వే సాక్షి. ఉండు, ఆ చెప్పుల చప్పుడు మీ తాతదే. రా బావా, రా, ఇట్ల కూర్చో. నీకొక మాట చెప్పాల. చాన్నాళ్ల మాట. ఆ బండి ఉండె చూడు... అది... ఏం లేదులే బావా. కరెంటొచ్చిందా? మోటరు వేసినారా?