కుడివైపు దెబ్బలు

వృద్ధాశ్రమంలో మందులిచ్చే గది, మధ్యాహ్నం. వృద్ధుల సేవాకోర్సు చివరి ఏడాది చదువుతూ శిక్షణకు వచ్చిన అమ్మాయి; చొక్కా విప్పి బల్ల మీద కూర్చున్న మాజీ హెడ్ కానిస్టేబులు.

"జారిపడ్డానన్నానుగా. రాసుకుని పో."

"ఎక్కడ జారారు?"

"బాత్రూంలో."

"పోయినవారం మెట్ల మీదన్నారు."

"అప్పుడు మెట్లు, ఇప్పుడు బాత్రూం. ముసలాడన్నాక ఒకేచోట పడాలని రూలుందా మీ కోర్సులో?"

"చెయ్యెత్తండి, హెడ్డు తాతా. ఇంకొంచెం. ఇక్కడ నొక్కితే?"

"నొక్కొద్దు. నొక్కొద్దన్నానా."

"పక్కటెముకల మీద అరచేయంత కమిలింది. దాని కింద ఇంకోటి, పచ్చబడింది, పాతది. భుజం మీద రెండు. తొడ మీద ఒకటి. అన్నీ ఈ మనిషి బొమ్మ మీద గుర్తుపెడుతున్నా, చూడండి."

"బొమ్మలెయ్యడానికా మీ నాన్న నిన్ను చదివిస్తోంది? ముసలాళ్ళ ముక్కు తుడవడానికి మూడేళ్ళ డిగ్రీ."

"మా నాన్నకి సంతకం నేర్పింది నేనే. మాట మార్చకండి. పోయినవారం మీ మాట నమ్మి జారిపడ్డారనే రాశాను. మా మేడమ్ ఆ కాగితం నా ముందు పెట్టి, ఆయన్ని ఇంకోసారి కొట్టించింది నువ్వే అన్నారు."

"పెద్ద మాటే."

"నిజమే అన్నారు. పడితే మోకాలికి తగలాలి, మోచేతికి తగలాలి, అరచెయ్యి గీరుకోవాలి. మీ మోకాళ్ళు నున్నగా ఉన్నాయి."

"ఇవన్నీ పుస్తకంలో ఉంటాయా?"

"ఉంటాయి."

"నాకు పుస్తకం లేకుండానే తెలుసు. ముప్పై మూడేళ్ళు స్టేషన్లో పనిచేశా. ఎక్కడ కొడితే కమలదో కూడా తెలుసు. రాసుకో, పరీక్షలో ఇస్తారు."

"అయితే మీరే చెప్పండి. దెబ్బలన్నీ కుడివైపే ఉన్నాయి. ఎదురుగా నిలబడి కొట్టినవాడిది ఏ చెయ్యి?"

"నాకేం తెలుసు."

"ఇప్పుడేగా అన్నీ తెలుసన్నారు. ఏ చెయ్యి, తాతా?"

"ఎడం."

"మీ గదిలో ఉండేది మీరూ, దర్జీ తాతా. ఆయన కుడిచేతి వేళ్ళు వంకరపోయాయి, మడవలేరు. చెంచా కూడా ఎడంచేత్తోనే పట్టుకుంటారు."

"ఆ కాగితం ఇటివ్వు."

"ఇవ్వను."

"నాకూ చదువొచ్చు. అందులో రెండు గడులున్నాయి. పైగడిలో దెబ్బలు తిన్నవాడి పేరు, కిందిగడిలో కొట్టినవాడి పేరు. కింద పేరు పడితే సాయంత్రానికల్లా ఆ మనిషి పెట్టె గేటు బయట ఉంటుంది. నాకైతే కొడుకున్నాడు, ఇల్లుంది. వాడికెవరున్నారు? ఎక్కడికి పోతాడు?"

"ఒళ్ళంతా కమిలించినవాడి మీద మీకెందుకింత జాలి?"

"ఆ వేళ్ళు పుట్టుకతో వంకర కాదు."

"మిషన్లో పడ్డాయన్నారాయన."

"నేను బాత్రూంలో పడ్డా, వాడి వేళ్ళు మిషన్లో పడ్డాయి. మా గదిలో అందరం పడేవాళ్ళమే."

"ఎవరు విరిచారు?"

"బట్టలకొట్టు యజమాని చేతిగడియారం పోయిందని ఫిర్యాదిచ్చాడు. ఆ కొట్టు అరుగు మీదే వీడి కుట్టుమిషను. పట్టుకొచ్చాం. ఎంతకీ ఒప్పుకోడు. బల్ల మీద చెయ్యి చాపించి, కర్రతో ఒక్కో వేలూ కొట్టా. చూపుడువేలికే ఒప్పుకుంటాడనుకున్నా. నాలుగోదాకా ఆగాడు."

"తీసింది ఆయనేనా?"

"వారం తర్వాత ఆ యజమాని కోటు లోపలిజేబులో దొరికింది. కోటు కుట్టిందీ వీడే. లోపల ఒక జేబు కావాలని అడిగి మరీ పెట్టించుకున్నాట్ట ఆ మహానుభావుడు."

"క్షమించమని అడిగారా?"

"అప్పుడా? అప్పుడు నాకు ప్రమోషనొచ్చింది."

"అంటే ఇక్కడికొచ్చాక మిమ్మల్ని గుర్తుపట్టి కొడుతున్నారన్నమాట. ఆయన కడుపుమంట నాకర్థమవుతోంది, తాతా. అయినా రాయాలి. రేపు ఆ పక్కటెముక పుటుక్కుమంటే మా మేడమ్‌కి మొహం ఎలా చూపించను?"

"గుర్తుపట్టలేదు."

"మరి?"

"వాడికి చూపు ఆనదు. ఆ గది నేనే అడిగి వేయించుకున్నా. నెల్లాళ్ళు పక్కమంచం మీద నుంచి చూశా. చొక్కా గుండీలు పెట్టుకోడానికి వాడికి పావుగంట పట్టేది. దర్జీవాడికి. ఒకరోజు ఆగలేక చెప్పేశా, నేను ఫలానా అని. నా చేతికర్ర తీసి వాడి చేతికిచ్చా."

"కొట్టారా?"

"పిచ్చెత్తినట్టు కొట్టాడు. కిందపడ్డాకా కొట్టాడు. ఎన్నేళ్ళకో ఆ రోజు కంటినిండా నిద్రపోయా, తల్లీ."

"ఒక్కరోజేనా? ఇవి వేరువేరు రోజుల దెబ్బలు."

"మర్నాడు ఇంక చాలన్నాడు. తన మనసులో ఏం లేదట, మర్చిపోదామట. ఎలా చాలుతుంది? నాలుగు వేళ్ళవి."

"వద్దన్న మనిషి మళ్ళీ ఎందుకు కొట్టారు?"

"నేనే కొట్టిస్తా. తలుపు గడియ పెడతా. కర్ర ఆ ఎడంచేతిలో పెట్టి, జారవిడవకుండా పైన నా చెయ్యి బిగించి పట్టుకుంటా. కొట్టేదాకా వదలను."

"దర్జీ తాత మణికట్టు మీద నల్లగా కమిలి ఉంది. తలుపులో నలిగిందన్నారు."

"గట్టిగా పట్టకపోతే ఊరుకుంటాడా? గింజుకుంటాడు."

"ఎవరికీ చెప్పలేదేం ఆయన?"

"నేనంటే ఇప్పటికీ హడలు."

"కొట్టేటప్పుడు ఏమంటారు?"

"ఏమంటాడు, ఏడుస్తాడు. వదిలెయ్యి బాబూ, నీ కాళ్ళకి దణ్ణం పెడతానంటాడు. ఆ రోజు స్టేషన్లో కూడా అచ్చం ఇట్లాగే అన్నాడు."

"ఆ రోజు వదిలారా?"

"అదేం ప్రశ్న? అది వేరు, ఇది వేరు. ఇప్పుడు దెబ్బలు తినేది నేను. కొత్త కాగితం తీస్తున్నావేం? ఆఁ, నా మాట విన్నావన్నమాట. బంగారుతల్లివి. పైగడిలో నా పేరు రాయి, కిందది ఖాళీగా వదిలెయ్యి."

"పైగడిలో దర్జీ తాత పేరు రాశాను."

"వాడి పేరు పైనేంటి? ఒళ్ళు హూనమైంది నాదైతే? మరి నా పేరో?"

"కిందిగడిలో, తాతా. చొక్కా వేసుకోండి."