కనుమ దాటించిన మాత్ర

అద్దెకార్ల అడ్డా పక్కన టీకొట్టులో డ్రైవర్ జుమాకదిర్ కాళ్లు బారజాపి మాట్లాడుతున్నాడు. ఎదురుగా చోల్పోన్, ఒళ్లో జ్వరంతో మూలుగుతున్న బిడ్డ. పొద్దు వాలేలోగా కనుమ అవతలి నగరం బిష్కెక్‌లో డాక్టరుకి చూపించాలి. వంతు ఇతని కారుదే.

"కంగారెందుకు చెల్లీ? ఈ కనుమ నాకో లెక్కా? ఒకప్పుడు నాకూ గుండెదడే, కాదనను. పోయినవారం మా వదిన దడకి వేసుకునే మాత్ర ఒకటి మింగా. వేసుకుని బండి నడపొద్దని డబ్బామీద ఉందట. అది పిరికోళ్లకి రాసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సొరంగంలో ఎదురుగా లారీ. ఇంకోడైతే హారన్ కొడతాడు. నేను ఊరికే చూశా, నిదానంగా. లారీయే సిగ్గుపడి వెనక్కెళ్లింది."

"సొరంగం పొడుగూతానా?" అన్నాడు తోటి డ్రైవర్ మెదెర్.

"బయటిదాకా. అసలు సంగతి విను. అవతలికి రాగానే బ్రేకులు పోయాయి, కారు లోయలోకి ఎగిరింది. నాకు చెమట పడితే ఒట్టు. కిందపడేలోపు టైముందిగా అని అందరికీ టీ పోశా, చుక్క ఒలకలా. ఇంతలో ఓ గద్ద వచ్చి కారుమీద వాలింది. కిటికీలోంచి చెయ్యి చాపి దాని కాళ్లు పట్టుకున్నా. కుడికి తిప్పితే కుడికి, ఎడమకి తిప్పితే ఎడమకి. తిన్నగా బిష్కెక్ బజారు ముందు దిగాం. పోలీసాయన నా నాడి పట్టుకుని, అది దొరక్క, హడలిపోయి తన నాడి చూసుకున్నాడు. ఇవాళ రెండేసుకున్నా చెల్లీ..." ఆవులింత మాటని మింగేసింది.

చోల్పోన్ బిడ్డని గుండెకి హత్తుకుని అడ్డాలో ఇంకో కారుందేమోనని చూసింది.

"ఒరే జుమాకదిర్," అంది మూలన రొట్టె తుంచుకుంటున్న, అందరూ అపా అంటే పెద్దక్క అని పిలిచే ముసలి బురుల్, "ఆరోజు నీ వెనక సీట్లో ఉంది నేనేరా."

"అయితే నువ్వే చెప్పు అపా, టీ ఒలికిందా?"

"బయల్దేరేముందు అందరం దువా చేసి అరచేతులతో మొహాలు తుడుచుకున్నాం. మేం చేతులు దించాం, నువ్వు దించలా. ఎంత భక్తో అనుకున్నాం. దువా మధ్యలో కదిలిస్తే పాపమని ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. టీ చల్లారింది, ఎండ నెత్తికెక్కింది, అప్పుడు గురక వినపడింది. వేరే కారెక్కి పోయాం. సాయంత్రం తిరిగొచ్చేసరికి నీ కారు కదల్లేదు, నీ చేతులూ కదల్లేదు."

మెదెర్ బల్లమీది తాళాలు తీసుకుని లేచాడు. "పద చెల్లీ, బిడ్డకి బాగా కప్పు."

"అది నా కారురా," అన్నాడు జుమాకదిర్.

"నీదేనన్నా. వెనక పడుకో."