డ్రైవరు జీతం

అక్క కుట్టు కొట్టు. మిషన్ల దగ్గర అమ్మాయిలిద్దరూ టీకి వెళ్ళారు. భుజాన ఆఫీసు సంచీతో తమ్ముడు వచ్చాడు.

"దిగరా ముందు! అది కత్తిరింపు బల్ల, మీ ఆఫీసు కుర్చీ కాదు. ప్యాంటుకి సుద్ద అంటితే నువ్వే ఉతుక్కోవాలి."

"దిగానమ్మా, దిగాను. పాత కారు కొంటానన్నావట? సైకిలెక్కితేనే కళ్ళు మూసుకునేదానివి!"

"నేను నడపనులే. డ్రైవరుంటాడు."

"అబ్బో, డ్రైవరు కూడానా! వెనక సీట్లో కాలు మీద కాలేసుకుని కూర్చుంటావన్నమాట."

"వెనక సీట్లో నాకెక్కడ చోటు, యూనిఫాం మూటలుంటాయి. ఆ నవ్వు ఆపి లెక్క వెయ్యి. నిరుడు అద్దె బండివాడు చెప్పిన రోజుకి రాలేదు. ఈసారి బడి తెరిచేలోగా బట్టలు అందకపోతే ఆర్డరు వేరేవాళ్ళకిస్తామన్నారు. అది పోతే ఈ కొట్టుకి తాళమే."

"సరే, ఎంతట బండి?"

"ఎనిమిదేళ్ళ బండి, మూడు లక్షలు. లక్ష నా దగ్గరుంది. మిగతా రెండు లక్షలూ బండి అమ్మే ఆయనే మూడేళ్ళకి అప్పిప్పిస్తాడట, ఏడాదికి నూటికి తొమ్మిదే వడ్డీ. బ్యాంకులో పన్నెండన్నారు."

"నీ కళ్ళకి గంతలు కట్టాడక్కా ఆయన."

"పన్నెండు కన్నా తొమ్మిది చిన్నదే కదరా! ఆ మాత్రం లెక్క నాకూ వచ్చు."

"చిన్నదే. కానీ ఇలాంటి అప్పుల్లో మూడేళ్ళూ మొత్తం రెండు లక్షల మీదే వడ్డీ వేస్తారు. సగం తీర్చేశాక కూడా మొత్తం మీదే. బ్యాంకువాళ్ళయితే మిగిలినదాని మీదే వేస్తారు. ఇలా ఇయ్యి సుద్దముక్క. చూడు, ఆయనకి నెలకి ఏడు వేల పైన కట్టాలి. బ్యాంకుకి దాదాపు ఆరు వేల ఏడొందలు."

"అమ్మ దొంగ! నవ్వుతూ నవ్వుతూ నెత్తిన చెయ్యి పెట్టాడన్నమాట. మరి అదేదో ఐదేళ్ళకి పెడితే ఇంకా తగ్గుతుందిగా?"

"ఎనిమిదేళ్ళ బండికి ఐదేళ్ళ అప్పా? బండి మూలపడ్డాక కూడా వాయిదాలు కడుతూ కూర్చుంటావు. మూడేళ్ళు చాలు."

"నీ బుర్ర బుర్రేరా. అయితే బ్యాంకుదాకా ఎందుకు, మీ ఫైనాన్సు ఆఫీసులోనే ఇప్పించెయ్."

"మా… మా ఆఫీసులోనా? వద్దు."

"అదేంటి! ఊళ్ళోవాళ్ళందరికీ ఇప్పించావు, సొంత అక్కకి వద్దా?"

"పాత బండ్లకి ఇవ్వట్లేదిప్పుడు. ఆపేశారు."

"ఆపేశారా?"

"ఆపేశారని చెప్పాగా! పెట్రోలు ఎంతవుతుంది?"

"నాలుగు వేలు. అంత విసుగెందుకురా, ఆఫీసులో పనెక్కువా?"

"ఊపిరాడట్లేదు."

"మరి ఊపిరాడనివాడివి పట్టపగలు ఇక్కడ…"

"ఫీల్డు మీద ఉన్నాను. అన్నీ కలిపి నెలకి ఎంత పెట్టగలవు?"

"ఇరవై ఆరు వేలు. అది దాటితే అమ్మాయిల జీతాల్లో కొయ్యాలి. అది నా వల్ల కాదు."

"డ్రైవరుకెంత?"

"పదహారు."

"పదహారా! మతి పోయిందా నీకు? వాయిదా, పెట్రోలు కలిపితే అప్పుడే ఏడొందలు ఎక్కువైంది. పన్నెండు చాలు. మిగిలింది రిపేర్లకి దాచు."

"పన్నెండుతో అతనికేం గడుస్తుందిరా? ఇద్దరు పిల్లలు."

"అందరికీ ఉన్నారు పిల్లలు. అడిగితే చూద్దాం."

"నోరు తెరిచి అడగడు. మహా మొహమాటస్తుడు."

"ఇంకేం, మొహమాటస్తుడు పన్నెండిచ్చినా పుచ్చుకుంటాడు!"

"నీకసలు జాలి లేదురా. పైగా బండి నడపడం ఒక్కటే కాదు, బడులవాళ్ళ దగ్గర బిల్లులు వసూలు చెయ్యాలి, కొట్టు లెక్కలు చూడాలి."

"డ్రైవరుకి లెక్కలేం తెలుస్తాయి?"

"తెలుసు. తన లెక్కలు తప్ప అందరివీ తెలుసు."

"నడపడమైనా వచ్చా?"

"ఒకసారి గోడకి గుద్దాడు. గోడకేం కాలేదులే."

"భలేవాణ్ణి పట్టావు! తాగుతాడా?"

"తాగడు. ఈమధ్య అబద్ధాలు మొదలుపెట్టాడు, అవీ సరిగ్గా చేతకావు పాపం."

"అబద్ధాలకోరుకి పదహారు వేలా! ఎవడక్కా ఆ మహానుభావుడు? పిలిపించు, నిమిషంలో పన్నెండుకి ఒప్పిస్తాను."

"ఇందాకటి నుంచీ ఒప్పిస్తూనే ఉన్నావుగా. ఒప్పుకోనిది నేనే."

"అంటే?"

"నిన్న లోను కోసం మీ ఆఫీసుకే వెళ్ళానురా."

"అక్కా…"

"నీ కుర్చీలో ఎవరో కొత్తాయన కూర్చున్నాడు. నిన్ను మానిపించేసి రెండు నెలలైందన్నాడు. రోజూ సంచీ తగిలించుకుని ఎక్కడ తిరుగుతున్నావురా? నాకు కూడా చెప్పుకోలేకపోయావా? దారంతా ఏడుస్తూ వచ్చాను."

"మీ మరదలికి…"

"చెప్పలేదు. నువ్వే చెప్పు, ఉద్యోగం దొరికిందని కూడా కలిపి చెప్పు. పొద్దున్నే వచ్చెయ్, బండి చూడ్డానికి వెళ్దాం. తగ్గిస్తే ఆయన ధర తగ్గించు, నా డ్రైవరు జీతం జోలికొస్తే మాత్రం ఊరుకోను."