దక్షిణపు గదిలో చివరి ఇరవై నిమిషాలు

రెండు వేల నాలుగు డిసెంబరులో సంగతి. సత్తెనపల్లి పత్తి కొనుగోలు కేంద్రం ముందు మా ట్రాక్టర్లు నిలబడిపోయి అది రెండో రోజు. పత్తిలో తేమ ఎక్కువుందని లోపల ఎవరితోనో గొడవైంది, కాటా ఆపేశారు. మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతారో చెప్పే నాథుడు లేడు. పైన చూస్తే మబ్బు. ఇమ్మానియేలు టీ బంకు దగ్గర కూర్చున్నామన్న మాటే గాని ఒక్కడికీ కుదురు లేదు. పది నిమిషాలకొకడు లేచి గేటుదాకా వెళ్ళడం, వచ్చి "ఇంకా లేదు" అనడం.

అప్పుడు రోడ్డు దాటుకుని వచ్చాడు జాన్ బాషా. బంకుకి ఎదురుగానే అతని వీడియో లైబ్రరీ. ఒకప్పుడు కేసెట్లు అద్దెకిచ్చేవాడు, ఇప్పుడు సీడీలు ఇస్తున్నాడు. చేతిలో ఒక గుడ్డ సంచీ. దాన్నిండా పాత దెయ్యం సినిమాలు, సస్పెన్స్ సినిమాలు, జనం పేరు కూడా మర్చిపోయినవి. అవి మా చేత ఇళ్ళకి మోయించాలని అతని తాపత్రయం.

"కొత్త దెయ్యం సినిమాలు చూసి మీరు భయపడుతుంటే నాకు జాలేస్తుందయ్యా," అని మొదలెట్టాడు. "మొహానికి ఇంత రంగు పూసుకుని కెమెరా మీదికి దూకితే అది భయమా? వెనక నుంచొచ్చి గిన్నె పడేస్తే మా ఇంట్లో పిల్లి కూడా ఉలిక్కిపడుద్ది. భయమంటే పాత వాటిలో చూడాలి. అదీ హాల్లో కాదు, ఇంట్లో చూడాలి, మిట్టమధ్యాహ్నం కిటికీలకి గోతాలు కట్టుకుని చూడాలి. 'నూతిలో గొంతు' అని ఒకటుంది, అందులో దెయ్యమే కనపడదు. ఒకావిడ నూతిలో చేద వేస్తుంది. తాడు దిగుతా ఉంటది, దిగుతా ఉంటది, నీళ్ళ చప్పుడు మాత్రం రాదు. నాలుగు నిమిషాలు అదే. పాట లేదు, మాట లేదు. మా ఆవిడ ఖుర్షిదా అది చూసిన కాడ్నుంచి నూతి దగ్గరికి పోతే ఒట్టు, పంపు నీళ్ళే."

"మా వీధిలో పంపే రాదు, ఇంక నేనేం చూస్తాను," అన్నాడు చెంచయ్య. చెంచయ్యది నా వెనక ట్రాక్టరు. ఇద్దరం ఒకే ఊరి వాళ్ళం.

"అది చిన్నది. దాన్ని వదిలెయ్. 'దక్షిణపు గది' అని ఒకటుందిరా చెంచయ్యా, నేను చెప్పేది దాని గురించి. జమీందారు గారి ఇల్లు. దక్షిణం వైపు గదికి ఎప్పుడూ తాళం. పొద్దున గది ముందు కంచంలో అన్నం పెడతారు, సాయంత్రానికి కంచం ఖాళీ. ఇంట్లో ఉన్నది నలుగురు. అన్న, వదిన, గుమస్తా, వంటమనిషి. ఒకరోజు గుమస్తా చచ్చిపోయి ఉంటాడు. గదిలో ఎవరున్నారు, గుమస్తాని ఎవరు చంపారు, అదే కథ. మూడు రోజులు కూడా ఆడలేదట. గుంటూరులో ఎవరో లైబ్రరీ మూసేస్తుంటే పారబోసిన కేసెట్లలో నాకు దొరికింది. మళ్ళీ ఇంకో కేసెట్టు నేను కంటితో చూడలేదు. తొంభై ఏడు, మే నెల, షాపు షట్టరు దించుకుని ఒక్కణ్ణే కూర్చుని చూశాను. చేతిలో నిండా టీ గ్లాసు. చుక్క తొణకలేదు. అంతే చెప్తా, ఎక్కువ చెప్పుకోవడం నాకు అలవాటు లేదు."

"ముందే తాగేసుంటావు," అన్నాడు ఇమ్మానియేలు, గ్లాసులు కడుగుతూనే.

"నీ టీ అయితే ముందే పారబోసేవాణ్ణి. వినవయ్యా. ఆ తర్వాత సింగరాయకొండ నుంచి సుభానీ అని ఒకాయన వచ్చాడు, పొగాకు బేరాలు చేసేవాడు. మనిషి ఎట్టా ఉంటాడనుకున్నారు, వంద కిలోల పొగాకు చెక్కు ఒక్క చేత్తో ఎత్తి లారీలోకి విసిరేవాడు. భయపెట్టే సినిమా ఏదన్నా ఉంటే ఇవ్వరా అన్నాడు. ఇచ్చాను. మా వెనక వీధిలో వాళ్ళ బావగారిల్లు, అక్కడ పెట్టుకున్నాడు. ముప్పావుగంట అయిందో లేదో, రోడ్డు మీద ఒక చెప్పుతో పరుగు. ఎటు పోయాడో తెలుసా? సింగరాయకొండ బస్సు కోసం ఆగితే కదా, నరసరావుపేట దాకా పరుగెత్తి అక్కడ బస్సెక్కాడు. కేసెట్టు పోస్టులో తిరిగొచ్చింది. పైన అడ్రసు వాళ్ళావిడ రాసింది. ఆయన చెయ్యి ఇంకా నిలవట్లేదట."

"నరసరావుపేట ఇరవై కిలోమీటర్లు కదా, ఒక్క చెప్పుతో..." అని చెంచయ్య దూరం లెక్కేసుకుంటున్నాడు.

"భయపడినవాడికి దూరమేంటిరా. సరే, ఒక్కడి గురించి చెప్తే మీరు నమ్మరు. పెదకాకాని తీసుకెళ్ళాను వీడియో డెక్కూ కేసెట్టూ. అక్కడొక మిరప రైతు ఇంట్లో, వీరబాబు గారని, ముందు గదిలో నలభై మంది. తలుపులు మూశాం, ఎండ బయట మండిపోతుంది. వదిన దీపం పట్టుకుని దక్షిణపు గది వైపు నడుస్తుంది చూడు, అక్కడ ఊపిరి బిగబట్టారు నలభై మందీ. ఎంత బిగబట్టారంటే గదిలో గాలి మిగిలిపోయి కిటికీ రెక్కలు బయటికి తెరుచుకున్నాయి. అప్పుడు సినిమాలో ఆ వంటమనిషి ఒక్క కేక వేసింది. నలభై మందీ ఒకే గుమ్మంలోంచి ఒకేసారి బయటపడ్డారు. గుమ్మం వెడల్పయింది. ఇప్పటికీ ఆ గుమ్మానికి రెండు రెక్కలు చాలట్లేదు, మూడో రెక్క పెట్టించారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కల్లంలో ఆరబోసిన మిరపకాయలున్నాయి, మంచి ఎరుపు, రక్తంలాంటి ఎరుపు. ఆ కేక విని పాలిపోయాయి. కల్లం కల్లమంతా తెల్లగా తాలుకాయలు."

చెంచయ్యకి ఇక్కడ పట్టలేకపోయింది. అతనికి నాలుగెకరాల మిరప ఉంది. "వానకి తడిస్తే కాయ తాలయిద్ది గాని సినిమాకి తాలవడమేంట్రా బాషా. గింజకి చెవులుంటాయా?"

"అదే నేనూ అడిగాను. మిర్చి యార్డులో కాయ చూసే ఆయన ఏమన్నాడో తెలుసా? ఇది వాన తాలు కాదయ్యా, వేరే తాలు, నా సర్వీసులో చూడలేదన్నాడు."

ఎక్కడో హారన్ మోగింది. అందరం ఒక్కసారి లేచి గేటు దగ్గరికి వెళ్ళాం. కాటా కాదు, నీళ్ళ ట్యాంకరు. వెనక్కొచ్చి కూర్చున్నాం. అంతసేపూ బాషా ఆగలేదు. ఖాళీ బెంచీలకి చెప్తూనే ఉన్నాడు. మేము వచ్చేసరికి కథ చాలా దూరం పోయింది.

"...కరెంటు పోయింది. ఊళ్ళో అందరికీ పోయింది. ఫ్యాను ఆగింది. టీవీ మాత్రం ఆగలేదు. ఆడుతూనే ఉంది. నేను లేచి వెళ్ళి వైరు పీకి చేత్తో పట్టుకున్నాను. ఇదుగో, ఇట్టా, నా చేతిలో వైరు. అక్కడ సినిమా. వదిన గది తలుపు దగ్గర నిలబడి తాళం తీయబోతూ ఆగింది. వెనక్కి తిరిగింది. తిరిగి, మామూలుగా తిరగలా, నా వంక తిరిగింది. 'జాన్ బాషా, అందరూ పోయారు, నువ్వింకా పోలేదా?' అంది."

"నీ పేరు ఎట్టా తెలిసింది?" అన్నాను నేను.

"కేసెట్టు మీద స్టాంపు ఉంటది కదయ్యా, జాన్ బాషా వీడియో లైబ్రరీ, సత్తెనపల్లి అని. ఆవిడ చదువుకున్న మనిషి. నేనేమన్నానంటే, 'అమ్మా, సినిమా మధ్యలో లేచే అలవాటు నాకు లేదు, మీ పని మీరు కానీండి' అన్నాను."

కొంతమంది నవ్వారు. ఇమ్మానియేలు మళ్ళీ టీ పోశాడు. చెంచయ్య గ్లాసు తీసుకున్నాడు గాని తాగలేదు.

"అవన్నీ సరేరా. గదిలో ఎవరున్నారు? అది చెప్పు."

బాషా కాసేపు మా అందరి మొహాలూ చూశాడు.

"అది చెప్పకూడదనుకున్నాను. అడిగావు కాబట్టి చెప్తున్నా. ఇప్పుడా కేసెట్టులో చివరి ఇరవై నిమిషాలు లేవు. ఎందుకు లేవో తెలుసా? నా వల్ల. తాళం తీసింది, తలుపు తెరుచుకుంది. లోపల్నుంచి అది బయటికొచ్చింది. ఏదని అడక్కండి. నేను కళ్ళు ఆర్పలేదు. అదీ ఆర్పలేదు. అట్టా ఎంతసేపు చూసుకున్నామో తెలీదు, బయట ఎండ తగ్గిపోయింది. చివరికి అది తల దించుకుంది. తల దించుకుని, గది దాటి, ఇల్లు దాటి, సినిమాలోంచే వెళ్ళిపోయింది. దాంతోపాటు ఆ ఇరవై నిమిషాలూ పోయాయి. దేశంలో ఆ సినిమా చివరిదాకా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే."

మా బెంచీ పక్కన పత్తి కుక్కిన బోరెం మీద హనుమాయమ్మ కూర్చుని ఉంది. యాభై ఐదేళ్ళుంటాయి. మాకు ముందున్న ట్రాక్టరు ఆవిడదే, వ్యవసాయమంతా తనే చేయించుకుంటుంది. పొద్దుట్నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు బాషా వంక తిరిగింది.

"అబ్బాయ్ బాషా, నన్ను గుర్తుపట్టావా?"

"ఎక్కడో చూశాను పిన్నీ."

"తొంభై ఎనిమిదిలో మా మామకి తుంటి ఎముక విరిగితే ఆస్పత్రికి దగ్గరని మీ వెనక వీధిలో అద్దెకున్నాం. మంచంలో ఆయనకి పొద్దు పోవట్లేదంటే డెక్కూ, ఈ 'దక్షిణపు గది' కేసెట్టూ నువ్వే తెచ్చిచ్చావు. సినిమా నువ్వు చెప్పినంత బాగానే ఉంది. కాదనను. ఆ వదిన దీపం పట్టుకుని వెళ్తుంటే మా మామ నా చెయ్యి పట్టుకున్నాడు. తాళం తీసింది. తలుపు కిర్రుమంది. సగం తెరుచుకుంది. లోపల ఏముందో చెప్పనా?"

బాషా గుడ్డ సంచీ దగ్గరికి లాక్కున్నాడు.

"షామియానా," అంది హనుమాయమ్మ. "షామియానా కింద బల్లలు, బల్లల ముందు జనం బిర్యానీ తింటున్నారు. మీ చెల్లెలు నాజియా పెళ్ళి."

ఇమ్మానియేలు చేతిలో గ్లాసు బకెట్లోకి జారిపోయింది. చెంచయ్య నవ్వలేక కడుపు పట్టుకుని వంగిపోయాడు.

"వీడియో తీసేవాడికి కేసెట్టు చాల్లేదు పిన్నీ," అన్నాడు బాషా. గొంతు బాగా తగ్గింది. "భోజనాల దగ్గర అయిపోయింది. పరుగెత్తుకుంటూ షాపుకొచ్చి, డెక్కులో ఏదుంటే అది పీక్కెళ్ళి ఇచ్చాను."

"అదే నేనూ అనుకున్నాను. డెక్కులో ఉన్నది ఉన్నట్టు ఇచ్చావు. నువ్వు ఆపిన చోట్నుంచి పెళ్ళి ఎక్కింది. అంటే తలుపు సగం తెరుచుకున్నప్పుడు నువ్వు ఆపేశావు."

ఏం చెప్తాడా అని చూస్తున్నాం.

"ఆపేశాను," అన్నాడు చివరికి. "షట్టరు ఎత్తుకుని బయటికొచ్చి నిలబడ్డాను. మధ్యాహ్నం రెండు గంటలు. రోడ్డు మీద జనం తిరుగుతున్నారు. అయినా లోపలికి పోలేకపోయాను. రేపు చూద్దాం, రేపు చూద్దాం అనుకుంటుండగానే పెళ్ళి వచ్చింది. ఇంకో కేసెట్టు కోసం గుంటూరు, బెజవాడ, తిరగని షాపు లేదు పిన్నీ. ఉన్న ఒక్కటీ నా చేతులారా చెరిపేశాను. ఆ గదిలో ఎవరున్నారో ఇప్పటికీ నాకు తెలీదు. అది తల్చుకుంటే ఒక్కోసారి అన్నం తినబుద్ధి కాదు."

అతను అబద్ధం చెప్పట్లేదని అందరికీ తెలుస్తూనే ఉంది. చెంచయ్య జరిగి బెంచీ మీద చోటిచ్చాడు.

"మా మామకి తెలుసు," అంది హనుమాయమ్మ.

బాషా తలెత్తాడు. "ఆయన ఈ సినిమా ముందే చూశాడా?"

"లేదు. నీ కేసెట్టే చూశాడు. మాది నలుపు తెలుపు టీవీ. ఆయనకి కళ్ళలో పొర. సినిమా ఎక్కడ ఆగిందో, పెళ్ళి ఎక్కడ మొదలైందో ఆయనకి తెలీలేదు. పాత సినిమాలన్నీ పెళ్ళితోనే కదా అయిపోయేది అన్నాడు. నాలుగుసార్లు వేయించుకుని చూశాడు. మొదట, మొహానికి పూల తెర కట్టుకుని కూర్చున్నాడే పెళ్ళికొడుకు, మీ బావ, వాడే హంతకుడన్నాడు, మొహం దాచుకున్నాడని. తర్వాత కాదన్నాడు. పట్టుకున్నాను అమ్మాయ్, అన్నాడు. పెళ్ళిలో అందరూ కూర్చుని తింటుంటే ఒక్కడు మాత్రం కూర్చోడు. దబరా మూత ఎత్తి చూస్తాడు, వాకిట్లోకి పోతాడు, మళ్ళీ వస్తాడు, జేబు తడుముకుంటాడు. చంపినవాడికి తప్ప ఇంత హడావుడి ఎవడికుంటుంది, ఆ గదిలో ఉన్నదీ వీడే, గుమస్తాని చంపిందీ వీడే, అన్నాడు."

"ఎవరది?" అన్నాడు చెంచయ్య.

"ఇదుగో, ఈయనే."

బంకు దగ్గరున్న ఇరవై మందిమీ ఒక్కసారి నవ్వాం. గేటు దగ్గరివాళ్ళు కూడా ఏమైందోనని వెనక్కి తిరిగి చూశారు. బాషా నవ్వలేదు.

"నిజంగా నమ్మాడా పిన్నీ?"

"నమ్మడమేంటి. నువ్వు సైకిలు మీద మా వీధిలో కనపడితే చాలు, 'అమ్మాయ్, తలుపెయ్, వాడొచ్చాడు' అనేవాడు. డెక్కు తీసుకెళ్ళడానికి నువ్వొస్తే నేను గుమ్మం బయటే ఇచ్చేదాన్ని, గుర్తుందా? పాములకి భయపడని మనిషి. నిన్ను చూసి దుప్పటి కప్పుకునేవాడు. మూడు నెలలు, పోయేదాకా."

"మరి నువ్వు చెప్పొచ్చు కదా, అది నేను కాదని. ముందు వీధిలో వీడియో షాపు బాషా అని."

"ఎందుకు చెప్పలేదు. నీ పేరు చెప్పాను, మీ అమ్మ జానీబీ పేరు చెప్పాను, అది మీ చెల్లెలి పెళ్ళని చెప్పాను. ఆయన నా వంక జాలిగా చూసి, 'నువ్వు మధ్యలో వంటింట్లోకి పోయావు, సినిమా అర్థం కాలేదు నీకు' అన్నాడు."