ఎర్రింటి అవ్వది ఏ పార్టీ

"అవ్వా, ఇంట్ల పెద్దోళ్లు రాజకీయంగ తమను తాము ఏమనుకుంటరో వాళ్ల నోటితోనే చెప్పియ్యమన్నడు మా సారు. తాతది నాకెరుకనే. మరి నువ్వు ఏమనుకుంటవు?"

ఏమనుకుంటనా? నేనా? జర ఆగు బిడ్డా, ఆ ఫోను గట్ల మూతి కాడ పెట్టకు, నాకు దగ్గొస్తది. గా స్టూలు మీద పెట్టు. ఆఁ, గట్ల. వనపర్తి కాలేజీల గివి గూడ చెప్తుండ్రా ఇప్పుడు? మంచిదే తియ్యి.

మీ తాతదైతే మస్తు అల్క. ఎవరడిగినా రొమ్ము మీద చెయ్యేసి "నేను కమ్యూనిస్టును" అంటడు. పెండ్లిసూపులకు మా ఊరు రాజోలికొచ్చిన నాడు గూడ గదే మాట. మా నాయిన అడిగింది ఎన్ని మగ్గాలున్నయని, ఈయన చెప్పింది గిది. మా నాయిన తల ఊపి, "మంచిదే, జీతం ఎంతొస్తది?" అన్నడు. మా అమ్మ లోపల కొంగు నోట్లె కుక్కుకున్నది నవ్వొచ్చి. ఇగ ఆ కమ్యూనిస్టు ఏడాదికొకసారి జమ్ములమ్మ తల్లి గుడికి మొక్కు కోడిని పట్కపోతడు. యూనియన్ పిల్లగాడొకడు ఏందన్నా ఇది అని అడిగిండు. ఆమె గూడ బీదోళ్ల పక్షమే రా అన్నడంట ఈయన. అదో, మగ్గం సప్పుడు ఆగింది. ఇంటుండు. నీ ముచ్చటనే లేవయ్యా, అంచు కాడికి నేనొస్త, అందాక నువ్వు నెయ్యి.

ఏం చెప్తుంటి? ఆఁ, అందరికీ ఒక పేరుంటది. సందు మొదట్ల కిరాణం దుకాణమాయన లేడా, ఆయన "నేను న్యూట్రల్" అంటడు. ఎవలొస్తె వాళ్ల కండువ ఏసుకుంటడు, పోంగనే మడతవెట్టి పైసల గల్ల కింద పెడ్తడు. ఆయనకు గూడ ఒక పేరున్నది సూడు. నాకే లేకుండె. ఇంటి మీద జెండ ఎర్రది, ఇల్లు ఎర్రిల్లు, ఇంట్లున్న ఆడిమనిషి గూడ ఎర్రదే. గంతే లెక్క. ఓట్లు అడగనీకొచ్చినోళ్లు ఈయన్నే అడుగుతరు, "అన్నా, మీ ఇంట్ల రెండు ఓట్లు" అని. నేను ఆడనే వసారల కూసోని కండెలకు నూలు సుడుతుంట. నా దిక్కు తిరిగి "బాగున్నవా అమ్మా" అంటరు, పోతరు.

పోనీ వాళ్లంటే బయటోళ్లు. పక్కింటి ఖాసింబీ ఉన్నది గద, నేను వండింది ఆమె తినాలె, ఆమె వండింది నేను తినాలె, గట్లుంటం. మొన్న వార్డు ఓట్లకు ఆమె మరదలు నిలవడ్డది. ఖాసింబీ గూడ వచ్చి మీ తాతనే అడిగి పోయింది బిడ్డా. నాకు మనసుల సురుక్కుమన్నది. సాయంత్రం గోడ కాడ అడిగిన, ఏం ఖాసింబీ, నన్ను అడగవా అని. "నిన్నేమడగాలె అక్కా, మీది ఎర్రిల్లాయె" అన్నది. ఆమె తప్పేమున్నది? ఎవరన్న అడిగితే మా ఆయన ఏదంటే గదే అని నేనే అనేదాన్ని. అనీ అనీ నోటికి అలవాటైంది.

గా ఓట్లప్పుడే ఒక లొల్లి అయింది. కొత్తకోటకెల్లి ఒక సేటు తన బిడ్డ లగ్గానికి చీర చెప్పిండు. నడుమ తెల్లనూలు, అంచుకు గులాబి పట్టు. అద్దకం అయినంక పట్టును ఎండల ఆరెయ్యొద్దు, రంగు ఇరుగుతది. నీడ ఉండాలె, గాలి ఆడాలె. మనింట్ల గసొంటి జాగ వసార ఒక్కటే, అదేమో సడక్ దిక్కున్నది. నేను కాపురానికొచ్చిన కాంచి ఆడనే ఆరేస్త. ఆ పొద్దు గులాబి పట్టును బొంగుకు వరుసగ ఏలాడేసిన. పైన ఎర్రజెండ, కింద గులాబి పట్టు. నాకేం తెల్సు?

పగటేళకు గులాబి కండువలోళ్లు డప్పుతోని వచ్చిండ్రు. అన్న మనసు మారింది అనుకుంట మీ తాతకు శాలువ కప్పిండ్రు. ఈయన పైన జెండ దిక్కు, కింద పట్టు దిక్కు సూసిండు. ఇంటికొచ్చినోళ్లాయె, నేను చాయ్ పెట్టిన. తాగి పోయిండ్రు. మల్ల వారానికి ఇంకో చీర పట్టు ఆరేసిన, అది కాషాయం. ఇగ ఆ కండువలోళ్లు వచ్చిండ్రు. మంచి పని చేసినవు పెద్దాయనా అని ఫోటో గూడ దిగిండ్రు. వాళ్లకూ చాయ్ పెట్టిన. నవ్వకు, అప్పుడు మీ తాత మొకం సూడాల్సి ఉండె.

హోటల్ కాడ ఈయన దోస్తులు అడుగుడు మొదలువెట్టిండ్రు, ఏందన్నా, వారానికొక పార్టీ తిరుగుతున్నవంట అని. ఉడుక్కుంట ఇంటికొచ్చి, ఆ పట్టు తీసి వెనుక దొడ్లె ఆరెయ్యి అన్నడు. దొడ్లె ఎండ మండుతది, పట్టు ఖరాబైతది, నేను తియ్య అన్న. అయితె నేను మగ్గం మీద కూసోను అన్నడు. ముసలితనంల గీ అలుగుడేంది సూడు. మాటలు బందు.

గద్వాల చీర సంగతి నీకెరుకనే గద. నూలు, పట్టు కలిసే కాడ ఇద్దరు ఉండాలె. ఒగరు నూలు కండె ఉన్న నాడె తోలితె ఇంకొకరు అంచు కాడ అందుకోవాలె. ఒక్క మనిషితోని అయ్యే పని గాదు. సేటు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుండు, లగ్గం దగ్గరికొచ్చె. నాకు పరేషాన్ అయింది. పిల్ల పెండ్లి చీర గద, మన పంతానికి ఆగుతదా? పోయి నా జాగల నేను కూసున్న. జర సేపటికి ఈయన గూడ వచ్చి కూసున్నడు. కానీ మాట లేదు. ఎప్పుడైనా "ఆఁ", "తోలు", "ఆగు" అనుకుంట నేస్తుంటిమి. ఆ పొద్దు మూగోళ్ల లెక్క నేస్తిమి. సూస్తే ఏమున్నది, అంచు కాడ జానెడు పొడుగు కలువనే లేదు, ఏలు దూరేటంత సందు.

ఇగ ఇప్పాలె. ఇద్దరం తలకాయలు వంచి ఒక్కొక్క పోగు ఇప్పుతున్నం. ఆడ నాకు ఆగలే. "జెండ నీది, వసార నాది" అన్న. "నేను ఆరేసుకున్న పట్టు గూడ నీ పార్టీనే అంటరు. నాకంటూ ఒకటి ఉంటదని ఎవరన్న అనుకున్నరా ఇన్నేండ్ల సంది?"

మీ తాత పోగులు ఇప్పుకుంటనే ఉన్నడు. చేతిల ఉన్న పోగు ఇప్పి తల ఎత్తిండు.

"మరి నీది ఏ పార్టీ లచ్చమ్మా?"

పెండ్లయిన కాంచి గదే మొదలు బిడ్డా, నన్ను గా మాట అడుగుడు. ఎవరన్న అడిగితే చెప్దామని మనసుల ఎన్నెన్నో అనుకునేదాన్ని. కండ్లల్ల నీళ్లు తిరిగినయి, దుఃఖంతోని గాదు. మెల్లగ చెప్పిన. కూలి పెరగాలె అని నీ యూనియనోళ్లు అంటరు, అది నాకు ఇష్టమే. దేవుని మాట ఎత్తితె దండం పెడ్త. పింఛన్ వస్తే తీసుకుంట గానీ ఇచ్చినోళ్ల కాళ్లు మొక్క. నల్లా నీళ్లు రాకపోతె ఖాళీ బిందెలు పట్టుకోని ఆఫీసు కాడికి పోతిమి సూడు, అప్పుడు అందరికన్న ముందల నడిచింది ఖాసింబీ మరదలు, ఆమె అంటే నాకు నమ్మకం. గివన్ని కలిపితె ఏం పేరుంటదో నాకు తెల్వదయ్యా అన్న.

ఆయన ఆలోచన చేసి, "గా పార్టీ ఇంకా ఎవరు పెట్టలేదే" అన్నడు. "పెడ్తే జెండ ఏం రంగు?"

"ఆ పొద్దు బొంగు మీద ఏదుంటె గది" అన్న.

ఇద్దరం గట్ల నవ్వితిమి, ఖాసింబీ గోడ మీదికెల్లి తొంగి సూసింది. ఆ సందు మల్ల నేసినం, లగ్గానికి ఒకరోజు ముందలనే చీర కొత్తకోటకు పోయింది. పట్టు ఇంకా వసారల్నే ఆరేస్తున్న. మరి ఓటు ఎవరికేసినవు అంటవా? మీ తాత గూడ అడిగిండు. నేను చెప్పలే. ఉండనీ, ఒక్కటన్న నా కాడ.

ఇప్పుడెవరన్న కండువ ఏసుకోని వచ్చి రెండు ఓట్లు అంటే, మీ తాత ఏమంటడు ఎర్కనా? "ఒక్కటే అడుగు నన్ను. ఇంకోటి వసారల కూసున్నది, ఆమెను అడుగు" అంటడు. వాళ్లు ఇటు తిరిగి నా ముంగల కింద కూసుంటరు. చేతిలకెల్లి కండె జారిపోతది నాకు, గంత సంతోషమైతది.

మీ సారుకు ఏం చెప్తవు మరి? మా అవ్వ ఇంకా అనుకుంటనే ఉన్నది అని చెప్పు. అబద్ధం గాదు. నువ్వు మాత్రం నా లెక్క ఎవరో అడిగేదాక కూసోకు బిడ్డా. అడగకముందే చెప్పు. రేపు మనసు మారితె మారింది అని గూడ నువ్వే చెప్పు. సల్లగుండు, నీ మాట నీ నోట్లె ఉండాలె. అదో, మల్ల ఆగింది మగ్గం. ఏమయ్యా, వస్తున్న, అంచు కాడికే వస్తున్న, నువ్వు తోలు...