ఉప్పు ఎప్పుడు వెయ్యాలి?

వంటగది. మధ్యాహ్నం రెండున్నర. నాలుగింటికల్లా అమ్మ ఆసుపత్రిలో చేరాలి. ఆవిడ లోపలి గదిలో సంచి సర్దుకుంటోంది. అన్నాచెల్లెళ్ళిద్దరూ పొయ్యి దగ్గర నిలబడి, గొంతు తగ్గించి పోట్లాడుకుంటున్నారు.

"నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"ఒక్క గంట ఆగు అన్నయ్యా. ఒక్క గంట."

"పొద్దుట్నుంచీ నీ గంట అవుతూనే ఉంది. సాయంత్రం డాక్టరుగారే చెప్పేస్తారు. సంతకం పెట్టాల్సింది అమ్మ. గొంతులో చిన్న గడ్డ, తీసేస్తారు, వారంలో ఇంటికొచ్చేస్తావని మనం చెప్పాం. అక్కడికెళ్ళాక ఎవరో వచ్చి, స్వరపేటిక మొత్తం తీసేస్తున్నామమ్మా, ఇక మాట రాదు అంటే? మన మొహాలెక్కడ పెట్టుకోవాలి?"

"తెలిస్తే నోరు విప్పదు. నాన్న పోయినప్పుడు నెల రోజులు మాట్లాడిందా? నాకు ఆ గొంతు కావాలి. ఫోన్లో రికార్డు చేసుకోవాలి."

"పాత వీడియోలు బోలెడున్నాయిగా. పుట్టినరోజులవీ, పెళ్ళిళ్ళవీ."

"అన్నీ చూశాను. అన్నిట్లోనూ ఆవిడ వంటింట్లోనే ఉంది. గిన్నెల చప్పుడుంది, గొంతు లేదు. ఎలా అడగను మరి? 'అమ్మా, కాస్త ఏదైనా మాట్లాడు' అనా? అందుకే సూప్ ఎలా చెయ్యాలో చెప్పమన్నాను."

"ఏ సూప్?"

"బంగాళదుంపలది. మనకి జ్వరమొస్తే చేసేది."

"నువ్వా? నీళ్ళు కాస్తే గిన్నె మాడ్చినదానివి. నమ్మిందా?"

"నమ్మింది. మొగుడితో ఏమైనా గొడవా అనడిగింది."

"బాగుంది."

"సూప్ ఒక వంక అంతే. నాకు కావాల్సింది ఆ పిలుపు. వడ్డించేసి గుమ్మంలోకొచ్చి పిలిచేది, గుర్తుందా?"

"గుర్తులేకేం. 'రెండోసారి పిలవను' అని పదిసార్లు పిలిచేది. వీధి చివరికి వినపడేది. గోలీలు జేబులో కుక్కుకుని పరిగెత్తుకొచ్చేవాణ్ణి."

"ముందు నాన్నని, తర్వాత నిన్ను, తర్వాత నన్ను."

"నాన్న పోయాక ఒక్కసారైనా పిలిచిందా చెప్పు. 'పెట్టాను, తినండి' అంటుందంతే. ఆ వరస మొదలెడితే ముందు నాన్నని పిలవాలి. నాలుగేళ్ళయింది. ఆ పుండు ఇవాళ రేపకు."

"అడగను. మాటల్లో అదే వస్తుందేమో చూస్తాను."

"రాకపోతే?"

"తెలీదు."

"అమ్మ వస్తోంది. చూడు, మూడున్నర దాకా ఆగుతాను. అప్పటికి నువ్వు చెప్పకపోతే నేను చెప్పేస్తాను."

అన్నయ్య వరండాలోకి వెళ్ళిపోయాడు. అమ్మ వచ్చి పొయ్యి వెలిగించింది. కూతురు ఫోను తీసి ఉప్పుడబ్బాకి ఆనించి నిలబెట్టింది.

"వాడేంటే అలా మొహం మాడ్చుకుని పోతున్నాడు?"

"ఆకలేస్తోందట. నువ్వు మొదలెట్టమ్మా."

"ఈ బొంగురు గొంతుతోనా? గడ్డ తీయించుకుని వస్తాగా. అప్పుడు కంచులా మోగే గొంతుతో చెబుతాను."

"వద్దు. ఇప్పుడే చెప్పు."

"ఏమిటంత తొందర?"

"నువ్వు ఆసుపత్రి నుంచి వచ్చేసరికి నేనే చేసి పెడదామని."

"నా తల్లే. సరే, నేను చేస్తూ చెబుతాను, విను. రెండు ఉల్లిపాయలు సన్నగా తరుగు. గిన్నెలో వెన్న కరిగాక వెయ్యి. వేసిన వెంటనే ఉప్పు పడాలి, తొందరగా మెత్తబడతాయి. మాడనిచ్చావంటే సూప్ అంతా చేదు."

"ఊఁ."

"నాలుగు దుంపలు చెక్కు తీసి చిన్న ముక్కలు కొయ్యి. మునిగేదాకా నీళ్ళు. అప్పుడు ఉప్పేసి మూత పెట్టు. ఫోను వంక ఏం చూస్తావే, పొయ్యి వంక చూడు."

"చూస్తున్నాను. చెప్పు, చెప్పు."

"ముక్క వేలితో నొక్కితే చితికిపోవాలి. గరిటె వెనకతో మెదుపు. మొత్తం గుజ్జు చేసెయ్యకు, నాలుగు ముక్కలు పంటికి తగలాలి. లేకపోతే మీ నాన్న, 'నాకేమన్నా పళ్ళూడిపోయాయా' అని... సరే, అదెందుకిప్పుడు. ఒక గ్లాసు పాలు పొయ్యి. పోశాక మంట తగ్గించు, తెర్లాయంటే విరిగిపోతాయి. అప్పుడు ఉప్పు వెయ్యి."

"ఊఁ. తర్వాత?"

"మిరియాలు దంచి వెయ్యి."

"తర్వాత?"

"పొయ్యి ఆపెయ్యి."

"ఆపేశాక?"

"ఆపేశాక గిన్నెల్లో పొయ్యి."

"పోశాక?"

"తినాలే చిట్టీ. పోశాక తినాలి. దానికి కూడా పద్ధతి చెప్పాలా?"

"అది కాదమ్మా. అందరూ తలో మూలా ఉంటారు కదా. ఒకళ్ళు బయట, ఒకళ్ళు పుస్తకం పట్టుకుని... తినడానికి ఎలా వస్తారు మరి?"

"కాళ్ళతో వస్తారు."

"అబ్బా, అమ్మా."

"చిట్టీ, మూడూ పది అయింది."

"ఏంట్రా వరండాలోంచి ఆ కేక? రైలేమన్నా తప్పిపోతోందా? కూర్చో అక్కడ, పిలుస్తాను. ఏమే, నా సంచిలో ఒక పలక ఉంది."

"ఏ సంచిలో?"

"ఆసుపత్రికి పట్టుకెళ్ళే సంచిలో. తువ్వాలు కింద. పలక, బలపాల డబ్బా."

"అదా... అది నీ మనవరాలిది. పొరపాటున వచ్చుంటుంది."

"అది పదో తరగతి చదువుతోంది."

"ఆడుకోడానికేమో."

"కొత్త పలక. మీద కాగితం కూడా చింపలేదు."

"అమ్మా, ముందు సూప్ సంగతి..."

"ఉప్పు ఎన్నిసార్లు వెయ్యమన్నాను?"

"ఏంటి?"

"ఉప్పు. ఎన్నిసార్లు వెయ్యమన్నాను?"

"ఒకసారి. చివర్లో. కాదు, మొదట్లో."

"మూడుసార్లు. నీకు చెప్పింది మూడుసార్లు, గిన్నెలో నేను వేసింది ఒక్కసారి. పక్కనే నిలబడి అదీ చూడలేదు. వంట కావాల్సిన మనిషైతే, 'ఇందాకే వేశాం కదమ్మా' అని అడ్డుపడేది. నువ్వు ఊఁ కొట్టావు. నీకు సూప్ అక్కర్లేదు. నేను మాట్లాడటం కావాలి."

"అమ్మా..."

"ఏడవకు. ఏడిస్తే అది కూడా రికార్డవుతుంది."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మంగళవారం. పరీక్షలకి తీసుకెళ్ళారు కదా. మీరిద్దరూ మందుల కోసం కిందికెళ్ళారు. నర్సమ్మ వచ్చి, 'ఆపరేషనయ్యాక ఏం కావాలన్నా రాసి చూపించాలి, మీకు రాయడం వచ్చా' అనడిగింది. వచ్చన్నాను. 'మీ అమ్మాయిని పలక కొనమన్నాను, కొందా' అంది. కొనే ఉంటుందిలే అన్నాను."

"మంగళవారం నుంచీ తెలుసా? మాకెందుకు చెప్పలేదు?"

"మీరు చెబుతారని చూశాను. మీ మొహాలు చూశాక, నేను దాచుకోవడమే నయమనిపించింది. భయం లేక కాదు. బోలెడు భయంగా ఉంది. మొన్న మీరెవరూ లేనప్పుడు తలుపేసుకుని మీ అందరి పేర్లూ పైకి అనుకున్నాను. పిచ్చిదానిలా."

"తప్పు నాదే. అన్నయ్య చెప్పేద్దామన్నాడు. నేనే ఆపాను."

"తెలుసు. మీ గుసగుసలు పక్కింటికి కూడా వినపడ్డాయి. పిలుపు గురించి కూడా విన్నాను."

"వద్దమ్మా. అది వద్దు. ఇంతవరకు రికార్డయింది చాలు."

"గిన్నెలు తియ్యి."

"అన్నయ్యని నేను పిలుచుకొస్తాను."

"నువ్వెందుకు పిలవడం? నాకింకా నోరుంది. గిన్నెలు తియ్యి ముందు. నాలుగు."

"మనం ముగ్గురమే కదమ్మా."

"నాలుగు తియ్యమన్నాను. ఆ ఫోను గుమ్మం దగ్గరికి తీసుకురా. దగ్గరగా పెట్టు. రికార్డవుతోందా?"

"అవుతోంది."

"ఏమండోయ్, వడ్డించేశాను. పెద్దోడా, ఆటలు చాలించి చేతులు కడుక్కుని రా. చిట్టీ, నువ్వూ రావే. చల్లారిపోతోంది. రెండోసారి పిలవను."